పరెంజానా పాత రైలుదారి మీద సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీలోని ట్రియెస్టే నగరం నుంచి స్లొవేనియా మీదుగా క్రొయేషియాలోని పొరెచ్ వరకు, ఏడ్రియాటిక్ సముద్రతీరపు కొండల్లో సాగే దారి పేరు పరెంజానా. యూరప్‌లో ఉద్యోగాలు, చదువుల మీద ఉంటున్న తెలుగువారు, సెలవులకు అక్కడికి వెళ్ళదలచిన సైకిల్ ప్రియులు ఈ దారి గురించి అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే. వాటిని ప్రయాణ దశలవారీగా ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అసలు ఈ పరెంజానా ఏమిటి? మామూలు సైకిల్ ట్రాక్‌కూ దీనికీ తేడా ఏమిటి?

ఇది ఒకప్పటి రైలుమార్గం. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ఏలుబడిలో 1902లో ట్రియెస్టే, పొరెచ్ పట్టణాలను కలుపుతూ 760 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న పట్టాలు వేశారు. పొరెచ్‌కు ఇటాలియన్ పేరు పరెంజో. రైలుకు ఆ పేరే వచ్చింది. ఈ దారి సాగే ఇస్ట్రియా ద్వీపకల్పపు పల్లెల నుంచి ద్రాక్షసారా, ఆలివ్ నూనె, ఉప్పు, కూరగాయలు, కట్టడపు రాయి ఈ రైలు మీదే రేవుకు చేరేవి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఈ ప్రాంతం ఇటలీ చేతికి వెళ్ళింది, 1935 ఆగస్టులో రైలు ఆగిపోయింది, పట్టాలు పీకేశారు. మిగిలిన కట్టను, సొరంగాలను, రాతి వంతెనలను ఈ శతాబ్దం మొదట్లో బాగుచేసి సైకిళ్ళకూ నడకకూ అప్పగించారు. మొత్తం పొడవు సుమారు 123 కి.మీ.; ఇటలీలో 13, స్లొవేనియాలో 32, మిగిలిన 78 క్రొయేషియాలో ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లావారికి ఈ చరిత్ర కొత్తగా అనిపించదు. ఉప్పుకు పేరుపడ్డ నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, తరువాత గుణుపూర్ దాకా పొడిగించిన చిన్న రైలు కూడా దాదాపు ఇదే వెడల్పు పట్టాల మీద నడిచింది. దానికి బ్రాడ్‌గేజ్ యోగం పట్టింది, పరెంజానాకు పట్టలేదు.

కొండ ప్రాంతం అంటున్నారు కదా, రోజూ తొక్కే అలవాటు లేనివాళ్ళకు సాధ్యమేనా?

సాధ్యమే, కారణం రైలే. ఆవిరి ఇంజను నిటారు చడావు ఎక్కలేదు కాబట్టి ఇంజనీర్లు దారిని కొండ నడుముల చుట్టూ తిప్పితిప్పి తీసుకెళ్ళారు. ట్రియెస్టే నుంచి పొరెచ్‌కు గాలిదూరం 50 కి.మీ. లోపే, దారి మాత్రం అంతకు రెండింతలు దాటింది. రైలుకట్ట మీద అత్యంత కఠినమైన వాలు కూడా 100 మీటర్ల దూరానికి 3 మీటర్ల ఎత్తు లోపే ఉంటుంది. దారి మొత్తంలో ఎత్తైన చోటు క్రొయేషియాలోని గ్రోజ్న్యాన్ దగ్గర సముద్రమట్టానికి 293 మీటర్లు.

అయితే వాలు తక్కువన్న మాట విని ఏమరుపాటుగా వెళ్ళకూడదు. ఇక్కడ ఒంటిని అలసిపెట్టేది కంకర నేల, ఎండ, దుకాణం లేకుండా సాగే పొడవాటి దూరాలు. చదును రోడ్డు మీద 60 కి.మీ. తేలికగా తొక్కేవారు ఈ కంకర మీద 40 కి.మీ.కే ఆ రోజుకు చాలుననుకుంటారు. ప్రయాణ ప్రణాళికను కిలోమీటర్ల లెక్కన కాక నేలను బట్టి వేసుకోవాలన్నది ఈ దారి గురించి నేను అందరికీ చెప్పే మొదటి మాట.

పూర్తిగా వాహనాలు లేని దారేనా?

చాలావరకు అవును, పూర్తిగా కాదు. ట్రియెస్టే నగరంలోను, ఊళ్ళ మధ్య నుంచి వెళ్ళేటప్పుడు, సరిహద్దు దగ్గర, పొరెచ్‌కు చేరువవుతున్నప్పుడు కొంత దూరం మామూలు రోడ్ల మీద తొక్కాలి. క్రొయేషియా పల్లెల్లో పొలాలకు వెళ్ళే ట్రాక్టర్లు, ద్రాక్షతోటల యజమానుల కార్లు అక్కడక్కడ ఎదురవుతాయి. దారి చాలాచోట్ల రోడ్లను అడ్డంగా దాటుతుంది. అక్కడ మనమే ఆగాలి. వాహనాలు కుడిపక్క నడిచే దేశాలు కాబట్టి, దాటే ముందు మొదట ఎడమకు చూడడం అలవాటు చేసుకోండి. క్రొయేషియాలోని బుయె నుంచి విజినాడా వరకు గల మధ్యభాగమే ఎక్కువ ప్రశాంతంగా ఉంటుంది.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

బలంగా తొక్కేవారు రెండు రోజుల్లో ముగిస్తారు. చూస్తూ వెళ్ళాలనుకునేవారికి నాలుగు రోజులు సరిగ్గా సరిపోతాయి: మొదటి రోజు స్లొవేనియాలోని పోర్తోరోజ్ వరకు, రెండో రోజు గ్రోజ్న్యాన్ వరకు, మూడో రోజు లివాదె వరకు, నాలుగో రోజు పొరెచ్ వరకు. మూడో రోజు దూరం సుమారు 20 కి.మీ. మాత్రమే అయినా దాన్ని కుదించకండి. సొరంగాలు, వంతెనలు, కొండకొమ్మున నిలిచిన రాతి ఊళ్ళు ఆ ముక్కలో ఎక్కువగా ఉన్నాయి.

ఒక్కరోజే వీలవుతుంది. ఏ భాగం తొక్కాలి?

గ్రోజ్న్యాన్ నుంచి లివాదె వరకు. రెండో ఆలోచన అక్కర్లేదు.

ట్రియెస్టే నుంచి పొరెచ్‌కా, పొరెచ్ నుంచి ట్రియెస్టేకా? ఏ దిశ తేలిక?

రెండు చివరలూ సముద్రపు ఒడ్డునే కాబట్టి మొత్తం ఎక్కే ఎత్తులో తేడా లేదు. ట్రియెస్టే వైపు నుంచి మొదలుపెడితే తొలి రోజు తారు మీద అలవాటు పడి, ఆ తరువాత కంకరలోకి దిగుతారు. కొత్తవారికి ఈ దిశే మంచిది. పైగా గ్రోజ్న్యాన్ నుంచి లివాదెకు గల 20 కి.మీ.లో సుమారు 280 మీటర్లు దిగుతూ వెళ్తారు కాబట్టి, ఎదురు దిశలో వచ్చేవారి కంటే లోయను చూడడానికి తీరిక దొరుకుతుంది.

## బయలుదేరే ముందు

మూడు దేశాలకూ మూడు వీసాలు కావాలా?

అక్కర్లేదు. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవారికి ఒక్క షెంగెన్ వీసా సరిపోతుంది. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది, అదే రోజు యూరోను కూడా తీసుకుంది కాబట్టి డబ్బు మార్చుకునే పని కూడా లేదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ పాలసీలో సైకిల్ ప్రమాదాలకు వర్తింపు ఉందో లేదో చదివి చూసుకోండి. షెంగెన్ లోపలి సరిహద్దులైనా 2023 చివరి నుంచి ఇటలీ, స్లొవేనియాలు తాత్కాలిక తనిఖీలు మళ్ళీ మొదలుపెట్టాయి కాబట్టి, పాస్‌పోర్ట్‌ను హోటల్‌కు పంపే సామానులో పెట్టకుండా ఒంటిమీదే ఉంచుకోవాలి.

ఏ నెలల్లో వెళ్ళాలి?

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలలు మంచివి. వసంతంలో దారి పక్కన అడవి ఆస్పరాగస్ ఏరుకునేవారు కనిపిస్తారు. సెప్టెంబరులో ద్రాక్ష కోతలు నడుస్తుంటాయి. జూలై, ఆగస్టుల్లో ఎండ 30 డిగ్రీలు దాటుతుంది. మన ఎండలతో పోలిస్తే అదెంత అనుకోవద్దు. తెల్ల సున్నపురాయి కంకర నుంచి వెలుతురు, వేడి రెండూ ముఖాన కొడతాయి, గదుల ధరలు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ.

చలికాలంలో బోరా అనే ఈశాన్యపు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. ట్రియెస్టేలో ఇది గంటకు 100 కి.మీ. మించిన వేగంతో విసురుతుంది. 1910లో ట్రియెస్టే పక్కనున్న ముజ్జా దగ్గర ఈ గాలి పరెంజానా రైలునే పట్టాల మీంచి పడదోసింది. బోరా హెచ్చరిక ఉన్న రోజున సైకిల్ బయటికి తీయకపోవడమే వివేకం.

ట్రియెస్టేకు ఎలా చేరాలి?

ట్రియెస్టే విమానాశ్రయానికి రైలు సదుపాయం ఉంది. వెనిస్‌లో దిగేవారు మేస్త్రె స్టేషన్ నుంచి రైలెక్కితే సుమారు రెండు గంటల్లో చేరతారు. ఇటలీ ప్రాంతీయ రైళ్ళలో సైకిల్‌కు వేరే టికెట్ కొని తీసుకెళ్ళవచ్చు. నగరపు రద్దీ వద్దనుకునేవారు ట్రియెస్టే రేవు నుంచి పడవలో ముజ్జాకు వెళ్ళి, అక్కడి నుంచి తొక్కడం మొదలుపెట్టవచ్చు.

సైకిల్ ఇక్కడి నుంచి తీసుకెళ్ళాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా?

నాలుగు రోజుల యాత్రకు అద్దె సైకిలే నయం. ఒకచోట తీసుకుని వేరేచోట అప్పగించే వీలు ఉందా అన్నది ముందే అడిగి రాయించుకోండి. ఖర్చు తేడా అక్కడే వస్తుంది. ట్రియెస్టే, పోర్తోరోజ్, పొరెచ్‌లలో అద్దెకు దొరుకుతాయి, బ్యాటరీ సైకిళ్ళు కూడా. సామానును ఒక బస నుంచి మరో బసకు చేర్చే ఏజెన్సీలూ ఉన్నాయి. కంకర మీద వెనక బరువు తగ్గితే ప్రయాణం ఎంత సుఖమో మొదటి గంటలోనే తెలుస్తుంది. సొంత సైకిల్ కొలతలకు ఒళ్ళు అలవాటుపడి, అది లేకపోతే మోకాళ్ళ నొప్పి వచ్చేవారు కనీసం సొంత సీటును, పెడళ్ళను తీసుకెళ్ళి బిగించుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఎలా సాధన చేయాలి?

ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సౌరఫలకాల కప్పు ట్రాక్ సీటు మీద ఎక్కువసేపు కూర్చునే ఓపిక పెంచడానికి పనికొస్తుంది. కానీ అది నునుపైన నేల. కంకర మీద హ్యాండిల్ ఎలా వణుకుతుందో తెలియాలంటే వారానికి ఒకసారైనా చెరువుకట్టల మీద, కాలువగట్ల మీద తొక్కాలి. రెండు బ్రేకులనూ సున్నితంగా కలిపి వాడడం, మలుపులో ముందు బ్రేక్ గట్టిగా నొక్కకుండా ఉండడం అక్కడే నేర్చుకోవాలి. ఈ రెండూ వస్తే చాలు, వేగం అక్కర్లేదు.

## సైకిల్, సామాన్లు

రోడ్ బైక్‌తో వెళ్ళవచ్చా?

స్లొవేనియా భాగం వరకు వెళ్ళవచ్చు, అక్కడ దాదాపు అంతా తారే. సరిహద్దు దాటాక సన్న టైర్లు బాధ పెడతాయి. కనీసం 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లున్న గ్రావెల్ బైక్ గాని, మౌంటెన్ బైక్ గాని కావాలి. అనుభవం తక్కువ ఉన్నవారికి ముందు సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైకే ఇస్తాను నేనైతే; కాస్త నిదానమైనా మణికట్లు బతుకుతాయి.

కంకర ఎలాంటిది? జారుతుందా?

తెల్ల సున్నపురాయిని పగలగొట్టి పరిచిన కంకర. దాన్ని కాసేపు గమనిస్తే దారి మీద రెండు సన్నని గట్టి చారలు కనిపిస్తాయి. ట్రాక్టర్ల చక్రాలు, సైకిళ్ళ టైర్లు తొక్కితొక్కి చదును చేసిన భాగాలవి. ఆ రెండు చారల మధ్యన, మలుపుల వెలుపలి అంచున గోలీకాయలంత రాళ్ళు వదులుగా పోగుపడి ఉంటాయి. చార మీద ఉన్నంతసేపు సైకిల్ స్థిరంగా సాగుతుంది, ఒక చార నుంచి మరో చారకు మారేటప్పుడు మాత్రం జారుతుంది. కాబట్టి మారవలసి వస్తే మలుపుకు ముందే, బ్రేక్ వేయకుండా, హ్యాండిల్ బిగపట్టకుండా మారండి.

వర్షం పడ్డాక నేల స్వభావం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మధ్య ఇస్ట్రియాలో బూడిదరంగు బంకమన్ను, విష్న్యాన్ నుంచి పొరెచ్ వైపు ఎర్రమన్ను. రెండూ టైర్లకు అంటుకుంటాయి, ఎర్రమన్ను బట్టలను కూడా వదలదు.

పగలే తొక్కుతాం కదా, లైట్లు ఎందుకు?

సొరంగాల కోసం. స్ట్రున్యాన్, పోర్తోరోజ్ మధ్య వాలెటా సొరంగం అర కిలోమీటరు పైచిలుకు ఉంటుంది. మోతోవున్ కొండ కింది సొరంగం 200 మీటర్లు దాటుతుంది. కొన్నింటిలో దీపాలున్నా వాటినే నమ్ముకోకూడదు. ఎండలోంచి లోపలికి వెళ్ళగానే కొన్ని క్షణాలు కళ్ళకు ఏమీ ఆనదు. నేల తడిగా ఉంటుంది, పైనుంచి చుక్కలు రాలుతుంటాయి, ఎదురుగా నడిచి వస్తున్నవారు మాటలు వినిపించాకే కనిపిస్తారు. సొరంగం ముందర ఆగి, చలవ కళ్ళద్దాలు తీసి, ముందు వెనక లైట్లు వేసుకుని నెమ్మదిగా ప్రవేశించండి. ఇటలీలో ఊళ్ళ బయట రాత్రిపూట, సొరంగాల్లో సైకిల్ తొక్కేవారు మెరిసే జాకెట్ వేసుకోవాలన్న చట్టం ఉంది. తేలికైన వస్తువే కాబట్టి మూడు దేశాల్లోనూ వాడండి.

హెల్మెట్ తప్పనిసరా?

స్లొవేనియాలో 18 ఏళ్ళ లోపు వారికి, క్రొయేషియాలో 16 ఏళ్ళ లోపు వారికి చట్టప్రకారం తప్పనిసరి. చట్టం అడగకపోయినా పెద్దలు పెట్టుకోవాలి.

రిపేరు సామాను ఏమేం పెట్టుకోవాలి?

రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్, పంపు, టైర్ లీవర్లు, అలెన్ కీల సెట్, చెయిన్ లింక్. బుయె దాటాక సైకిల్ షాపు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ట్యూబ్‌లెస్ టైర్లున్నా ఒక ట్యూబు సంచిలో ఉండాలి.

## దారి మీద

స్లొవేనియా భాగంలో చూడవలసినవి ఏమిటి?

కోపెర్ నుంచి ఇజోలా వరకు దారి సముద్రాన్ని ఆనుకునే వెళ్తుంది; ఒకప్పటి తీరపు రోడ్డును వాహనాలకు మూసి సైకిళ్ళకు, నడిచేవారికి వదిలేశారు. పిల్లలతో వెళ్ళేవారికి ఇంతకంటే హాయైన ముక్క లేదు. ఇజోలాలో పరెంజానా రైలు మ్యూజియం ఉంది. అక్కడి నుంచి కొండ ఎక్కి, సొరంగం దాటి స్ట్రున్యాన్ దిగుతారు.

సెచోవ్లియె ఉప్పుమళ్ళ దగ్గర మాత్రం సైకిల్ దిగండి. అక్కడ మడి అడుగున పెటోలా అనే సన్నని జీవపు పొరను పెంచి, ఉప్పు మట్టితో కలవకుండా ఆ పొర మీద పండిస్తారు. వేసవిలో చెక్క పలకలతో ఉప్పును కుప్పలుగా లాగే పనివారిని చూడవచ్చు. ఉప్పుమడి అంటే ఏమిటో ఎరిగిన మన కోస్తావారికి ఇక్కడ నిలబడి పోల్చి చూసుకోవడానికి ఎంతో ఉంది.

గ్రోజ్న్యాన్ నుంచి లివాదె వరకు అంతగా పొగుడుతారెందుకు?

ఆ భాగంలో రైలుమార్గపు పనితనం కళ్ళకు కడుతుంది కాబట్టి. గ్రోజ్న్యాన్ కొండమీది రాతి ఊరు. జనం ఖాళీ చేసి వెళ్ళిపోయాక 1965 నుంచి చిత్రకారులు, శిల్పులు వచ్చి ఆ ఇళ్ళను బతికించారు. అక్కడి నుంచి దారి మిర్నా నది లోయ వైపు దిగుతూ, ప్రతి మలుపులో ఒక వాగును రాతి వంతెన మీద దాటుతుంది. వంతెన మధ్యలో ఆగి కమ్మీ మీంచి కిందికి చూస్తే చెట్ల తలలు పాదాల కింద ఉంటాయి. తలెత్తితే దూరాన మోతోవున్ ఊరు కొండ కొసన కనిపిస్తుంది. దారి వంకరగా తిరుగుతుండడంతో ఆ ఊరు ఒకసారి ఎడమకు, మరోసారి ముందుకు వస్తూ గంటసేపు కనుచూపులోనే ఉంటుంది. లివాదెలో పరెంజానా జ్ఞాపకాల చిన్న మ్యూజియం కూడా ఉంది.

శాకాహారులం. తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, అడిగి తినాలి. ఫుజి అనే చుట్టిన పాస్తాను ట్రఫుల్ తురుముతోనో, జున్నుతోనో వడ్డిస్తారు. ట్రఫుల్ అంటే ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర భూమి లోపల పెరిగే పుట్టగొడుగు జాతి. మోతోవున్ అడవిలో శిక్షణ పొందిన కుక్కలు వాసన పట్టి చూపిస్తే తవ్వి తీస్తారు. 1999లో ఈ ప్రాంతంలో 1.31 కిలోల తెల్ల ట్రఫుల్ దొరికి గిన్నిస్ రికార్డుకెక్కింది. మనేష్ట్ర అనే చిక్కని పప్పుకూరల సూప్ చూడడానికి శాకాహారంలా ఉన్నా, అందులో చాలాసార్లు పంది ఎముక వేసి ఉడికిస్తారు. ‘బెజ్ మెసా’ అంటే మాంసం లేకుండా అని అర్థం. ఆ రెండు ముక్కలు గుర్తుంచుకోండి. కోడిగుడ్డు తినేవారికి ఆస్పరాగస్ వేసిన ఫ్రితాయా ఆమ్లెట్ వసంతంలో చాలా బాగుంటుంది.

నీళ్ళు ఎంత మోసుకెళ్ళాలి?

క్రొయేషియా భాగంలో మనిషికి కనీసం రెండు లీటర్లు. ఊళ్ళు కొండల పైన, దారి కొండల నడుమున ఉండడం వల్ల మ్యాపులో దగ్గరగా కనిపించే ఊరికి కూడా నిటారుగా ఎక్కి వెళ్ళాల్సి వస్తుంది. బుయె, గ్రోజ్న్యాన్, లివాదె, విజినాడాలలో ఎక్కడ ఆగినా సీసాలు నింపుకోండి. ఆదివారాలు పల్లె దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయని ముందే అనుకుని, వేరుశనగలు, ఖర్జూరాలు దగ్గర ఉంచుకోండి.

పాములు, పురుగుల భయం ఉందా?

ఇస్ట్రియాలో పోస్కోక్ అనే విషసర్పం ఉంది; ముక్కు కొసన చిన్న కొమ్ము ఉంటుంది. ఎండ తగిలే రాళ్ళగుట్టలే దాని నివాసం కాబట్టి పాత రాతిగోడల మీద చూడకుండా చెయ్యి వేయకండి, కూర్చోకండి. అంతకంటే ఎక్కువగా ఎదురయ్యేది గడ్డిలోని పిడుదులు. సాయంత్రం స్నానానికి ముందు మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుము చుట్టూ వెతుక్కోండి. కరిచి ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగేయాలి. చుట్టూ ఎర్రగా వలయంలా వ్యాపిస్తే వైద్యునికి చూపించాలి. మూడు దేశాల్లోనూ అత్యవసర నంబరు 112.

మోతోవున్ కొండ మీదికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, కానీ ఆ ఎక్కుడు రైలుకట్ట వాలు కాదు. ఊరు 277 మీటర్ల ఎత్తున ఉంది, కింది లోయ దాదాపు సముద్రమట్టంలో ఉంది. లివాదెలో బస చేసి, సామాను అక్కడ వదిలి సాయంత్రం ఖాళీ సైకిల్‌తో వెళ్ళి రావడం మేలు. మరునాడు విజినాడా వరకు మళ్ళీ పైకి ఎక్కవలసిందే కనుక కాళ్ళలో కొంత శక్తి మిగుల్చుకోండి.

## పొరెచ్ చేరాక

పొరెచ్‌లో ఆగదగ్గదేమైనా ఉందా?

యూఫ్రేషియన్ బసిలికా ఉంది. 6వ శతాబ్దపు చర్చి, బంగారు రంగు మొజాయిక్‌లు చెక్కుచెదరకుండా నిలిచాయి; 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సైకిల్ దుస్తులతో నేరుగా వెళ్ళకుండా, భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళండి.

పొరెచ్ నుంచి ట్రియెస్టేకు సైకిల్‌తో వెనక్కి ఎలా రావాలి?

పొరెచ్‌కు ఇప్పుడు రైలు లేదు. ట్రియెస్టేకు బస్సులున్నాయి గాని, సైకిల్ ఎక్కించుకోవడం బస్సును బట్టి, ఆనాటి ఖాళీని బట్టి ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే సైకిల్ సంగతి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, ముందుచక్రం విప్పి సంచిలో పెట్టడానికి సిద్ధంగా ఉండాలి. నలుగురు కలిసి వెళ్తున్నట్లయితే సైకిళ్ళను మోసే వ్యాన్ మాట్లాడుకోవడం తేలిక. ఆ వ్యాన్‌ను యాత్ర చివరికి కాకుండా మొదటి రోజునే వాడుకుని, మీ కారును పొరెచ్‌లో పెట్టి వ్యాన్‌లో ట్రియెస్టేకు వెళ్ళి, అక్కడి నుంచి తొక్కుకుంటూ మీ కారు దగ్గరికే చేరుకునే పద్ధతి ఇంకా మంచిది. ఆఖరి రోజు ఏ బస్సు వేళకూ తొందరపడనక్కర్లేదు.